గుమ్మం మీది గ్రీకు

పాసింజరు నలభై నిమిషాలు లేటని నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసింది జయరావే. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నాడు. సెలవు పెట్టి మరీ స్టేషన్‌కి వచ్చి, డ్యూటీలో ఉన్నాయన అక్షరాలు వంకరగా ఉన్నాయని తుడిచేసి, మళ్లీ తానే గుండ్రంగా రాసి, సుద్ద దులుపుకుంటూ సిమెంటు బెంచీ మీద తల్లి దేవుడమ్మ పక్కన కూలబడ్డాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే లైన్లో బుకింగు క్లర్కు, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. తన గురించి కాలనీలో చెప్పుకునే గొప్పలన్నిట్లోకీ నిజమైంది అదొక్కటేనని ఆయనకి తెలుసు. పక్క స్టేషన్లో పాసింజరుని ఆపేసి ఖనిజం గూడ్సుకి దారిచ్చి ఉంటారు. ఇనపరాయి ముందు, మనుషులు తరవాత. ఈ లైను వేసిందే బైలాడిల్లా కొండని ముక్కలు చేసి జపాన్‌కి పంపడానికి. మధ్యలో మనుషులు కూడా ఎక్కుతారన్న సంగతి ఎవరికో ఆలస్యంగా గుర్తొచ్చి నాలుగు పెట్టెలు తగిలించినట్టుంటుంది ఆ పాసింజరు. సరే, నలభై నిమిషాలు. జపాన్ వాళ్లిచ్చిన నలభై నిమిషాలు. ఈలోగా అమ్మకి చెప్పెయ్యాలి. చెప్పాల్సినవి రెండు. చిన్నదేమో, ఇంటి గుమ్మం మీద నీలం రంగుతో తాను రాసిన గ్రీకు, అమ్మ పదహారేళ్లుగా రోజూ పొద్దున్నే బయటికెళ్తూ ద్వారబంధాన్ని తాకి గుండెకి అద్దుకునే గ్రీకు, దేవుడి వాక్యం కాదని. పెద్దది ఇంకోటుంది. చిన్నది బయటికి లాగితే పెద్దది దాని తోక పట్టుకునే వచ్చేస్తుంది, అదీ భయం. తానే చెప్పకపోతే ఆ రెండూ ఒక్క చూపులో చెప్పగలిగిన మనిషి ఆ రైల్లో వస్తోంది.

ఆవిడ ఢిల్లీలో ఆయనకి గ్రీకు చెప్పిన ప్రొఫెసరమ్మ. రిటైరయ్యాక జగదల్‌పూర్‌లో ఏదో సభకి వస్తున్నానని, అంత దూరం వచ్చాక నిన్ను చూడకుండా వెళ్లనని, ఆవిడ ఇంగ్లీషులో రాసిన ఉత్తరం స్టేషన్ మాస్టరు పేరు మీద వచ్చింది. అదే కొంప ముంచింది. జయరావు పేరుకే వచ్చి ఉంటే ఆయనకి మామూలైన పద్ధతిలో, అంటే ఇంతకుముందు ఆవిడ రాసిన ఏడు ఉత్తరాల పద్ధతిలోనే, జవాబివ్వకుండా బీరువాలో బట్టల కింద పడేసేవాడు. స్టేషన్ మాస్టరు చదివి గార్డుకి చెప్పడం, గార్డు భార్య చర్చిలో చెప్పడం, సాయంత్రానికి జయరావు భార్య ప్రమీలారాణికి ఆయనకంటే ఎక్కువ వివరాలు తెలియడం, అన్నీ ఒక్కరోజులో జరిగిపోయాయి. అప్పట్నుంచి వారం రోజులుగా ఇల్లు ఇల్లులా లేదు. పెళ్లినాటి నుంచీ షోకేసులో అద్దం వెనక ఉన్న టీ కప్పుల సెట్టు కిందికి దిగింది. కప్పుల అడుగున ధర చీటీలు అలాగే ఉన్నాయి. అవి గోకాలా, వద్దా అని మొగుడూ పెళ్లాలు రాత్రి పదింటి దాకా తర్జనభర్జన పడి, ఖరీదైనవేనని తెలుస్తుందిలే అని ఉంచేశారు. సోఫాకి ఒక కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద తువ్వాలు, వచ్చే మనిషి కోసం ఆ తువ్వాలు మీద కొత్త దుప్పటి. సోఫా అసలు రంగేమిటో కొన్నప్పటి నుంచీ ఎవరూ చూసింది లేదు. పక్క క్వార్టరు నుంచి కర్టెను, ఎదురు క్వార్టరు నుంచి స్టాండు ఫ్యాను అరువొచ్చాయి. ఇక పక్కింటి కూర్మారావు, రిటైరైన పాయింట్స్‌మన్, పక్కా నరసింహస్వామి భక్తుడు, తన గుమ్మం మీది గ్రీకు వెలిసిపోయిందని తానే కుంచె పట్టి దిద్దాడు. దిద్దిన తరవాత అది గ్రీకులాగా లేదు, తెలుగులాగా లేదు, బాగా ఎండిన జంతికలాగా ఉంది. ఒక్క ఆయనదేమిటి, కాలనీలో పదిహేడు గుమ్మాల మీద ఉంది జయరావు గ్రీకు. పదకొండు కిరస్తానీ ఇళ్లు, ఆరు హిందువుల ఇళ్లు. గ్రీకు పెద్దమ్మ స్వయంగా వస్తోందంటే ఊరుకుంటారా. రేపు పొద్దున్న ఆవిడ వరసగా పదిహేడు గుమ్మాల ముందూ ఆగి, పైకి చదివి, అర్థం చెప్పేటట్టు, చివర్లో దేవుడమ్మ ఇంట్లో భోజనం చేసేటట్టు కాలనీ వాళ్లు కార్యక్రమం వేసేశారు. మైకు కూడా మాట్లాడారు.

నిజానికి ఆ గుమ్మాల మీది రాతలేవీ తిట్లు కావు, బూతులు కావు. తప్పులు కూడా కావు, ఆయన బాధంతా అక్కడే ఉంది. అందులో ఒక్క అక్షరం తప్పు ఉండకూడదనే అలా రాశాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు కొత్త క్వార్టరు వచ్చినప్పుడు, దేవుడు ఈ ఇంటిని కాస్తాడన్న వాక్యం నీ చదువు భాషలో రాయరా అని అమ్మ అడిగింది. పుస్తకాలన్నీ ఢిల్లీ హాస్టల్లో వదిలేసి వచ్చాడు. మిగిలింది ఒక్క నోటుబుక్కు, మొదటి ఏడాది అభ్యాసాల నోటుబుక్కు. సొంతంగా కూర్చి రాయొచ్చు, ఆ మాత్రం వచ్చు. కానీ సొంతంగా రాస్తే తప్పు దొర్లితే? ఈ అడవిలో తప్పు పట్టేవాళ్లెవరని ఏ అక్షరం రానివాడైనా అనుకుంటాడు. సగం చదివినవాడు అనుకోలేడు. దరఖాస్తు పెడితే పాత దరఖాస్తు ముందు పెట్టుకుని పేరు మార్చి రాసే వంశం మనది. పెళ్లి శుభలేఖ కూడా పక్కింటి వాళ్లది చూసే కొట్టిస్తాం. అందుకని నోటుబుక్కులో ప్రొఫెసరమ్మ ఎర్ర ఇంకుతో సరి అని టిక్కు పెట్టిన వాక్యాల్లోంచి, చూపుకి పొడుగ్గా, భక్తిగా కనిపించే దాన్ని ఎంచి గుండ్రంగా రాశాడు. గుర్రాలు నది దగ్గర నీళ్లు తాగుతున్నాయి. పన్నెండో అభ్యాసం, నాలుగో వాక్యం. అమ్మ దాన్ని చూసి కళ్లొత్తుకుంది. అమ్మ ఏడిస్తే పక్కింటి వాళ్లకి కావాలనిపించింది. పక్కింటి వాళ్లకి ఉంటే ఎదురింటి వాళ్లకి లేకపోతే ఎలా. కూర్మారావు, ఏ దేవుడి అచ్చరాలైతేనేటి, గుమ్మానికి ఓ కాపలా అన్నాడు. ఆయనకి దక్కింది, సేనాపతి చెల్లెలు పడవలో లేదు. గార్డు గారికి, ఈ దీవిలో రాళ్లు ఎక్కువ. చర్చిలో పాటలు పాడించే ఆయనకి, బానిసలు పొద్దున్నించీ రాళ్లు మోస్తున్నారు. అది మాత్రం ఈ ప్రాంతానికి బాగానే అతికింది. ఆ ఇంట్లో పిల్ల పుట్టినప్పుడు, గడప దాటించే ముందు తొట్టతొలిగా దాన్నే చూపించారు.

జపాన్‌కి వెళ్లే గూడ్సు దూరంగా ఎక్కడో కూత వేసింది. ఎర్రదుమ్ము ఎంత తుడిచినా బెంచీ మీద మళ్లీ పేరుకుంటుంది. ఇక్కడ తెల్లచొక్కా వేసుకునేవాణ్ని చూస్తేనే కొత్తగా వచ్చినవాడని తెలిసిపోతుంది, తాను ఇవాళ తెల్లచొక్కా వేసుకున్నాడు. ఢిల్లీలో కూడా మొదటిరోజు తెల్లచొక్కాతోనే వెళ్లాడు. క్లాసులో మొత్తం నలుగురు. ఇద్దరు ఇంకెక్కడా సీటు రానివాళ్లు, ఒకడు హాస్టలు గది కోసం చేరినవాడు, నాలుగోవాడు పట్టాలు చూసే గ్యాంగుమేటు బంగారురాజు కొడుకు జయరావు. పాస్టరుగారి సిఫార్సుతో వచ్చాడు కాబట్టి గ్రీకంటే బైబిలు గ్రీకే ఉంటుందనుకుని వచ్చాడు. తీరా చూస్తే దేవుళ్లు ఒకళ్లనొకళ్లు మోసం చేసుకోవడం, రాజులు కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఓడలు మునగడం. ఆల్ఫా, పై, తీటా లెక్కల పుస్తకంలో పలకరించిన మొహాలే, ఇక్కడ అవి మాటలుగా మారి నడుస్తుంటే ముచ్చటేసింది. ముచ్చట ఆర్నెల్లు ఉంది. తరవాత క్రియలొచ్చాయి. ఒక్క క్రియకి వందల రూపాలు, ఒక్కోటీ ఒక్కో పనికి. రైల్వేలో ఉన్న ఫారాలే తక్కువనిపించాయి. రాత్రుళ్లు బట్టీ పట్టేవాడు, పొద్దున్నకి సగం పోయేవి. ప్రొఫెసరమ్మ సన్నగా, పొట్టిగా, ఎండాకాలంలో కూడా భుజాన శాలువాతో వచ్చేది, బోర్డు మీద రాస్తే ఆ శాలువా కొస సుద్దలో మునిగేది. ఏడుపు నాటకాలు చెబుతూ ఒక సంగతి చెప్పింది. వాళ్ల నాటకాల్లో చావు ఎప్పుడూ రంగస్థలం మీద జరగదట, చాటున జరుగుతుందట. ఎవడో ఒక వార్తాహరుడు వచ్చి చెబుతాడు, వాడి మాటే నాటకం అంది. ఆ మాట ఇప్పటికీ పోలేదు. క్రియలన్నీ పోయాయి, ఇది పోలేదు. పోవాల్సింది ఇదే.

ఎందుకంటే రెండో ఏడు, చివరి పరీక్షల్లో అనువాదం పేపరు రేపనగా, హాస్టలు వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి టెలిగ్రాం ఇచ్చాడు. నాన్న పట్టాల మీద పోయాడు. చూడని పద్యాన్ని ఇచ్చి అప్పటికప్పుడు తర్జుమా చేయమంటారు ఆ పేపర్లో. అది తనవల్ల కాదని నెల ముందు నుంచే తెలుసు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులుగా అన్నం సయించలేదు. టెలిగ్రాం విప్పి చదివాడు. చదవగానే మనసులో మొట్టమొదట పలికిన మాట నాన్నా అని కాదు. రేపు పరీక్ష లేదు. అంతే, నాలుగు సెకన్లు. వాచ్‌మన్ తల దించుకుని నిలబడ్డాడు, తనకి గుండె మీద నుంచి రాయి దించినట్టు హాయిగా ఊపిరి ఆడింది, ఆ తరవాతే నాన్న గుర్తొచ్చాడు. ఎండలో, చేతిలో సుత్తితో, పట్టాల్లో ఒక్కో కీలునీ కొట్టి వింటూ నడిచే మనిషి, మా వాడు ఢిల్లీలో చదువుతున్నాడని అధికారుల ట్రాలీకి దణ్ణం పెట్టి మరీ చెప్పిన మనిషి. తరవాత ఏడ్చిన ఏడుపు నిజమే, రైల్లో రెండు రాత్రులూ ఏడ్చాడు, పక్కసీటు వాళ్లు తిండి పెట్టారు. కానీ ఆ నాలుగు సెకన్లు ముందొచ్చాయి. వరస మారదు. పద్దెనిమిదేళ్లుగా ఎన్నిసార్లు తిరగేసినా అదే వరస. ప్రొఫెసరమ్మ మాత్రం అక్టోబరులో మళ్లీ రాయొచ్చు, సీటు అలాగే ఉంచాను రా, అని ఉత్తరాలు రాసింది. ఏడు రాసింది.

ఏంది సారూ, బండి ఇయ్యాల రాదా ఏంది, అని పలకరించి ముందుకెళ్లిపోయింది తునికిపళ్ల గంపతో సోమి. కొంటా దగ్గర శబరి ఒడ్డు ఊరి నుంచి ఇక్కడికి కాపురానికొచ్చిన మనిషి. ఆ గంప దించిన చోటల్లా ఆమె భాష మారుతుంది. రైల్వే వాళ్లతో తెలుగు, సిపాయితో హిందీ, సంత ఆడవాళ్లతో హల్బీ, అలిగినప్పుడు మొగుడితో దోర్లీ. భాషాశాస్త్రం క్లాసులో ప్రొఫెసరమ్మ, మీ ఊళ్లో మనుషులు ఎలా మాట్లాడతారో రాసుకురండి అంటే తక్కిన ముగ్గురూ అరపేజీ రాశారు, ఈయన సంతలో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఏ మాటని ఏ భాషలో అంటారో ఇరవై ఆరు పేజీలు రాశాడు. ఏ పుస్తకం చూసీ రాయలేదు, చూడటానికి అలాంటి పుస్తకం లేదు. ఆవిడ దాన్ని రెండు రోజులు ఉంచుకుని, గ్రీకు నేర్చుకున్నది నువ్విది చెయ్యడానికేనయ్యా, పరీక్ష గట్టెక్కితే చాలు, తరవాత నేను చూసుకుంటాను అంది. పరీక్ష గట్టెక్కితే చాలు. ఆయన జీవితంలో ఒక్కసారి ఒక మనిషి ఆయన సొంతంగా రాసినదాన్ని చూసి బాగుందంది. దాని తరవాత పద్దెనిమిదేళ్లు సోమి ఆయన టిక్కెట్ల కిటికీ ముందు నిలబడి నాలుగు భాషల్లో దంతెవాడకి ఒకటి ఇయ్యమంది, ఆయన చిల్లర లేదన్నాడు.

ఇక పెద్దది. నాన్న దినాలైన వారానికి ఆఫీసు వాళ్లు వచ్చి, ఇంటికొక ఉద్యోగం ఇస్తాం, భార్యకైనా కొడుక్కైనా అన్నారు. అమ్మ వెంటనే, నాకియ్యండి బాబూ అంది. ప్లాట్‌ఫారం మీద నీళ్లు పోసే పని ఖాళీ ఉంది. ఇత్తడి బిళ్ల, బకెట్టు, పొడుగు కాడ గరిటె. నీ సదువయ్యేదాకా నాను సేస్తాను, నువ్వెల్లిపో అంది. అప్పుడు ఆయన కళ్లముందు కదిలింది అమ్మ కష్టం కాదు. పాసింజరు ఆగడం, ఆ కిటికీల్లోంచి దోసిళ్లు చాపడం, ఆ దోసిళ్లలో తన తల్లి నీళ్లు పోయడం, అది చూసి గార్డుగారి బావమరిది, రేపు పిల్లనివ్వబోయేవాడు, ఆవిడెవరని అడగడం. దానితో పాటు అక్టోబరులో మళ్లీ ఆ పేపరు. ఈ రెండు భయాలూ కలిసి ఆయన నోట్లోంచి ఒకే మాట అనిపించాయి. చదువైపోయిందమ్మా, పరీక్షలన్నీ రాసేశాను. ఉద్యోగం ఆయనకే వచ్చింది. క్వార్టరు బయట బోర్డు, జయరావు, ఎం.ఏ., పక్కన గ్రీకు. మొదట్లో ఎం.ఏ. తరవాత ఓ చిన్న చుక్క ఎక్కువ పెట్టించాడు, తన మనస్సాక్షికి గుర్తుగా. పెయింటరు అది ఈగ రెట్ట అనుకుని రెండోసారి రంగు వేసినప్పుడు గీకేశాడు.

దేవుడమ్మ చర్చి చీర కట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, సిగ్నలు వైపు చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఈ లైను పక్కన ఉంటున్నా బండి వచ్చే ముందు ఆవిడ ఇలాగే ముందుకి వంగి కూర్చుంటుంది. ఇప్పుడు చెప్పాలి. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ముందు గుర్రాలతో మొదలుపెడితే నయం. లేకపోతే ప్రొఫెసరమ్మ రాగానే కాళ్ల మీద పడి హిందీలో చెప్పేసుకుంటే, రేపు గుమ్మాల దగ్గర ఏదో ఒకటి దేవుడి మాటలా చదివేయమంటే, ఆవిడ ఒప్పుకుంటుందా. ఆవిడ ఒక్క టిక్కైనా అబద్ధంగా పెట్టిన మనిషి కాదు. మైకు వాడికి డబ్బు ముందే ఇచ్చేశారు. వర్షం వస్తే. మే నెలలో వర్షం.

"ఏట్రా అలా నమల్తన్నావు," అంది దేవుడమ్మ సిగ్నలు మీంచి కళ్లు తిప్పకుండానే. "వారం నుంచీ సూస్తన్నాను. సెప్పీ."

చెప్పాడు. గుర్రాల సంగతి చెప్పాడు. ఆవిడ వింది. పన్నెండో అభ్యాసం అంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకుంది. పదహారేళ్లు రోజూ చెయ్యి పెట్టిన చోటుని తలుచుకుంటున్నట్టు అరచేయి ఒకసారి తిప్పి చూసుకుంది. గుర్రాలు నీల్లు తాగడం సెడ్డేమీ కాదు గదా అని, దేవుడికి మనం ఏటనుకుని సెయ్యెట్టేమో తెల్దేటి అంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికా అనిపించింది. అక్కడితో ఆపేసి ఉంటే కూడా సరిపోయేదేమో. రైలొచ్చాక ప్రొఫెసరమ్మని ఒప్పించుకునేవాడు, ఆవిడ పరీక్ష సంగతి ఎత్తకపోవచ్చు, అమ్మకి ఇంగ్లీషు రాదు. అలా అనుకుంటూ ఉండగానే, మనసుకి తెలియకుండా నోరు కదిలింది, అదీ ఆ హాయి వల్లే.

"అమ్మా, నేను పరీక్ష రాయలేదు. చదువు అవలేదు. అప్పుడు నీకు అబద్ధం చెప్పాను."

దేవుడమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. గూడ్సు వచ్చింది. ఆగకుండా, వందేసి టన్నుల కొండముక్కలతో, పెట్టె వెనక పెట్టె, లెక్క తెలియనన్ని, ప్లాట్‌ఫారం అదిరిపోయేలా వెళ్లింది. అది వెళ్లినంతసేపూ మాట్లాడుకునే వీలు లేదు. ఆయన తల్లి మొహం వంక చూశాడు. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, నా కోసం ఎంత మూట మోశావురా నాయనా అని దగ్గరికి తీసుకుంటుందేమో. మూడోదానికి కూడా ఆయన కొంచెం తయారుగానే ఉన్నాడు, కళ్లు అప్పుడే చెమ్మగిల్లాయి. నీళ్లు మోసే కష్టం నీకెందుకని అలా అన్నానమ్మా అనే మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు. అది పూర్తిగా అబద్ధమేం కాదు. ఆఖరి పెట్టె దాటింది. ఎర్రదుమ్ము తిరిగి కిందికి దిగుతోంది.

"ఆ నీల్ల ఉజ్జోగం కాయితం మీద నాను ఏలిముద్ర ఏసీసినాను," అంది దేవుడమ్మ. "కూర్మారావు పట్టుకెల్లినాడు. నీ సదువైపోనాదన్నావని తరవాత నానే ఎల్లి ఎనక్కి తెచ్చీసుకున్నాను."

"నీకు కష్టమని..."

"కష్టమేటి. నాకు కావాలనుండేదిరా ఆ ఉజ్జోగం." గొంతులో కోపం లేదు, సంతలో పోగొట్టుకున్న వస్తువు గురించి చెప్పినట్టు చెప్పింది. "మీ నాన్నకి మంచినీల్లు పోసీదాన్ని, మీకు పోసీదాన్ని. బండెడు మందికి పొయ్యాలనుండేది. బిల్ల పెట్టుకోవాలనుండేది. రోజూ బండొచ్చినప్పుడల్లా సూస్తాను, ఎవులు పోస్తన్నారో అని. నీకోసమని ఒగ్గీసినాను. నీకు సదువూ దక్కనేదు."

జయరావు ఆ నాలుగు సెకన్ల సంగతి చెబుదామనుకున్నాడు, నాన్న చావుకబురు విని తాను ముందేమనుకున్నాడో ఆ సంగతి, కానీ అది చెప్పుకుని తేలికపడటం కూడా తనకోసమేనని మొదటిసారి తెలిసింది, ఊరుకున్నాడు. తాను ఇన్నేళ్లూ చదువుని పారేసుకున్నానని బాధపడుతూ వచ్చాడు. రాత్రి పడుకునే ముందు ఆ బాధ తనకో గౌరవంగా కూడా ఉండేది, కాలనీలో ఇంకెవరికీ అంత పెద్ద బాధ లేదు. అమ్మది కూడా ఒకటి పోయిందని, దాన్ని పారేసింది తానేనని, అది ఈ ప్లాట్‌ఫారం మీద ఆయన కిటికీకి పది అడుగుల దూరంలో రోజుకి రెండుసార్లు ఆగి వెళ్తోందని, పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ తోచలేదు. అమ్మకి సిగ్నలు అంటే సరదా అనుకున్నాడు. ముసలివాళ్లకి రైళ్లు చూడటం కాలక్షేపం అనుకున్నాడు. అందరితో అలాగే చెప్పాడు కూడా, నవ్వుతూ.

సిగ్నలు పడింది. మలుపు దగ్గర పాసింజరు కనిపించింది, నాలుగు పెట్టెలూ మెల్లగా, అలసిపోయినట్టు. ఆయన అలవాటుగా లేచి, అమ్మని లేపడానికి మోచెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ మోచెయ్యి ఇవ్వలేదు. బెంచీ అంచు పట్టుకుని తానే లేచింది, కళ్లద్దాలు పెట్టుకుంది, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"నువ్వు కూకో. నానెల్లి దించుకొస్తాను ఆయమ్మని."

రైలు ఆగుతూ ఉంది. దేవుడమ్మ మొదటి పెట్టె దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, తల ఎత్తి లోపలికి చూస్తూ, ముందుకి వెళ్తోంది. కిటికీలోంచి ఎవరో ఖాళీ సీసా చాపి ఏదో అడిగారు. ఆవిడ దాన్ని అందుకుని కుళాయి వైపు తిరిగింది.